చిన్న కాటమరాన్ల పందేలు – న్యాయమైన రేటింగ్ నిర్ణయించడం ఎలా?

ప్రత్యేక వ్యాసం

తెరచాప పడవల పందెంలో గమ్యరేఖను ముందుగా దాటిన పడవే విజేత అన్నది సర్వసాధారణమైన అభిప్రాయం. హుస్సేన్ సాగర్ జలాలపై హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వంటి పోటీలను చూసిన వారికి ఈ అభిప్రాయం సహజంగానే కలుగుతుంది. ఆ పోటీలలో ప్రధానంగా పాల్గొనే లేజర్ తరగతి పడవలు, అంటే ఇప్పుడు ఇల్కా అని వ్యవహరిస్తున్న పడవలు, అన్నీ ఒకే కొలతలతో తయారవుతాయి. పడవలు సమానమైనప్పుడు తేడా నావికుని నైపుణ్యంలోనే ఉంటుంది కనుక ఎవరు ముందు వస్తే వారే విజేత.

వేర్వేరు పొడవు, బరువు, తెరచాప వైశాల్యం గల పడవలు ఒకే పందెంలో పాల్గొన్నప్పుడు ఈ సూత్రం పనిచేయదు. అట్టి పోటీలలో ముందు వచ్చిన పడవ మూడవ స్థానంలో, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పడవ ప్రథమ స్థానంలో ఉన్నట్లు ఫలితాల పట్టిక చూపవచ్చును. ఇది పొరపాటు కాదు. ‘హ్యాండికాప్ రేటింగ్’ అనే లెక్క ప్రకారం కాలాన్ని సవరించగా వచ్చిన ఫలితం. చిన్న కాటమరాన్ల పందేలలో ఈ రేటింగును ఏ ప్రాతిపదికపై నిర్ణయిస్తారు, దానికి గల పరిమితులేమిటి, నిర్వాహకులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలేమిటి అన్నవి ఈ వ్యాసంలో వివరించబడుతున్నవి.

పేరు మన తీరానిది, రూపం వేరు

‘కాటమరాన్’ అనే మాట తమిళంలోని ‘కట్టుమరం’ నుంచి ఐరోపా భాషలలోనికి వెళ్లింది. దుంగలను తాళ్లతో కట్టి తయారు చేసే ఆ నావను తెలుగు తీరంలోని మత్స్యకారులు ‘తెప్ప’ అంటారు. నేటి పందెపు కాటమరాన్ మాత్రం దుంగల కట్ట కాదు. సన్నని, పొడవైన రెండు దోనెలను కొంత ఎడంగా ఉంచి, అడ్డదూలాలతో కలిపి, మధ్యలో గట్టి వస్త్రాన్ని బిగించి, దానిపై తెరచాప కొయ్యను నిలబెట్టిన పడవ అది.

ఈ నిర్మాణం వల్ల పడవకు రెండు ప్రయోజనాలు కలుగుతాయి. దోనెలు సన్నగా ఉండుట వలన నీటి నిరోధం తక్కువ. రెండు దోనెల మధ్య ఎడం ఉండుట వలన ఎక్కువ తెరచాపను మోస్తూ కూడా ఒరిగిపోకుండా నిలువగలదు. కనుకనే అదే పొడవు గల ఒంటి దోనె పడవ కంటె ఇది సాధారణంగా వేగంగా సాగుతుంది.

ఈ వేగమే తొలి వివాదానికి కారణమైనది. 1876లో అమెరికాకు చెందిన నౌకా రూపశిల్పి నథానియల్ హెరెషాఫ్ ‘అమరిల్లిస్’ అనే జంట దోనెల పడవతో న్యూయార్క్ పోటీలో పాల్గొని ఇతర పడవలను సునాయాసంగా అధిగమించారు. ఇతర పోటీదారుల అభ్యంతరంపై అటువంటి పడవలను ఆ తరహా పోటీల నుంచి మినహాయించారు. భిన్నమైన పడవలను ఎలా పోల్చాలో తెలియనప్పుడు వెలివేయడమే సులభమైన మార్గంగా తోచింది. ఆ పోలికకు ఒక లెక్కను ఏర్పరచడమే రేటింగ్ విధానాల లక్ష్యం.

రేటింగ్ అవసరం ఎప్పుడు కలుగుతుంది?

ఒకే తరగతికి చెందిన పడవలు తగినన్ని ఉంటే రేటింగుతో పని లేదు. అయితే ఒక క్లబ్బులోనో, ఒక తీరపట్టణంలోనో ఉండే పడవలు రకరకాలుగా ఉంటాయి. ఉదాహరణకు ‘హోబీ 16’ పొడవు 5.05 మీటర్లు, బరువు సుమారు 145 కిలోలు. దీనికి నీటిలోనికి దించే డాగర్ బోర్డులు లేవు. ‘ఫార్ములా 18’ తరగతిలో పొడవు 5.52 మీటర్లు, వెడల్పు 2.60 మీటర్లు మించరాదు, బరువు 180 కిలోలకు తగ్గరాదు. ఒక్కరే నడిపే ‘ఎ క్లాస్’ కాటమరాన్ పొడవు 5.49 మీటర్లు, కనీస బరువు 75 కిలోలు మాత్రమే. 1976 నుంచి 2008 వరకు ఒలింపిక్ క్రీడలలో ఉన్న ‘టోర్నడో’ పొడవు సుమారు 6.1 మీటర్లు.

ఈ నాలుగింటినీ ఒకే గీత వద్ద నిలబెట్టి పందెం ప్రారంభిస్తే ఫలితం ముందే తెలిసిపోతుంది. ఖరీదైన కొత్త పడవ ఉన్నవారే ప్రతిసారీ గెలుస్తారు. పాత పడవ ఉన్నవారు క్రమంగా పోటీలకు రావడం మానుకుంటారు. కావున రేటింగ్ అన్నది కేవలం గణిత విషయం కాదు. తక్కువ వనరులు గల క్రీడాకారునికి పోటీలో స్థానం ఉండునా లేదా అన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది.

‘హ్యాండికాప్’ అనే మాటకు ఇక్కడ వైకల్యమని అర్థం కాదు. పడవల మధ్య సహజంగా ఉన్న వేగ వ్యత్యాసాన్ని ఒక అంకె రూపంలో చూపి, పందెం కాలాన్ని ఆ అంకెతో సవరించడమే దీని భావం.

రెండు మార్గాలు – అనుభవం, కొలత

రేటింగును నిర్ణయించడానికి ప్రపంచంలో ప్రధానంగా రెండు మార్గాలు అమలులో ఉన్నవి.

మొదటిది గత ఫలితాల ఆధారంగా నిర్ణయించడం. బ్రిటన్‌లో రాయల్ యాటింగ్ అసోసియేషన్ నిర్వహించే ‘పోర్ట్స్‌మౌత్ యార్డ్‌స్టిక్’ ఈ కోవకు చెందినది. క్లబ్బులు పంపిన పందేల ఫలితాలను పరిశీలించి ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క అంకెను ప్రకటిస్తారు. అమెరికాలో ఇదే పద్ధతిపై రూపొందిన పట్టికలో గాలి బలాన్ని బట్టి ఒకే పడవకు వేర్వేరు అంకెలను కూడా ఇచ్చారు. నీటిపై నిజంగా జరిగినదే ఈ విధానానికి ఆధారం కావడం దీని బలం. అయితే ఇందులో పడవ వేగంతోపాటు దానిని నడిపిన వారి నైపుణ్యం కూడా కలిసిపోతుంది. ఒక తరగతి పడవను ఆరితేరినవారు మాత్రమే నడుపుతూ ఉంటే ఆ తరగతి అంకె కఠినమవుతుంది. తరువాత అదే పడవ కొన్న సామాన్య నావికుడు ఆ భారాన్ని మోయవలసి వస్తుంది. పైగా కొత్తగా వచ్చిన పడవకు గత ఫలితాలంటూ ఉండవు.

రెండవది పడవను కొలిచి, సూత్రం ద్వారా లెక్కించడం. నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ ద్వీపాన్ని చుట్టివచ్చే కాటమరాన్ పందెం 1978లో ప్రారంభమైనది. ఆ పందెం పేరుతోనే ‘టెక్సెల్ రేటింగ్’ ప్రసిద్ధి పొందింది. ఇదే కోవకు చెందిన మరొక విధానం ‘ఎస్.సి.హెచ్.ఆర్.ఎస్.’, అనగా చిన్న కాటమరాన్ల హ్యాండికాప్ రేటింగ్ విధానం. అంతర్జాతీయ సెయిలింగ్ సమాఖ్య, అంటే 2015 నుంచి వరల్డ్ సెయిలింగ్ అని పిలువబడుతున్న సంస్థ, దీనిని గుర్తించింది. ఈ విధానాలలో నావికుని ప్రతిభకు చోటు లేదు. పడవను తూచి, కొలిచి, వచ్చిన విలువలను సూత్రంలో వేస్తారు. ఇంట్లో తయారు చేసుకున్న పడవకైనా మొదటి రోజునే రేటింగ్ ఇవ్వవచ్చును.

సూత్రంలో ఏమున్నది?

కొలత విధానాల సూత్రాలలో మూడు ముఖ్యాంశాలు కలవు. అవి పొడవు, తెరచాప వైశాల్యం, నావికులతో కలిపి బరువు. పొడవు, తెరచాప పెరిగితే పడవ వేగం పెరుగుతుంది. బరువు పెరిగితే తగ్గుతుంది. అయితే ఈ మార్పు నేరుగా అదే నిష్పత్తిలో ఉండదు. తెరచాపను రెట్టింపు చేసినంత మాత్రాన వేగం రెట్టింపు కాదు. అందుచేత ఒక్కొక్క కొలతకు ఒకటి కంటె తక్కువైన ఘాతాన్ని సూత్రంలో వాడతారు. టెక్సెల్ తరహా సూత్రంలో పొడవుకు, బరువుకు ఈ ఘాతం సుమారు 0.3, తెరచాపకు సుమారు 0.4.

దీని భావం ఉదాహరణలతో తేలికగా తెలుస్తుంది. తెరచాప వైశాల్యం 5 శాతం పెరిగితే లెక్క ప్రకారం వేగం సుమారు 2 శాతం పెరగాలి. అంటే గంట సేపు సాగే పందెంలో ఒక నిమిషానికి పైగా తేడా. అదే విధంగా, నావికులతో కలిపి 330 కిలోలు ఉన్న పడవకు మరో 10 కిలోలు చేరితే వేగం సుమారు 0.9 శాతం తగ్గుతుంది. అంటే గంటకు సుమారు అర నిమిషం. తూకంలో 10 కిలోల పొరపాటు జరిగితే ఎంతటి అన్యాయం జరుగగలదో దీనిని బట్టి ఊహించవచ్చును.

ఈ మూడింటికి తోడు మరికొన్ని సవరణలు ఉంటాయి. ఎత్తుగా, సన్నగా ఉన్న తెరచాప అదే వైశాల్యం గల పొట్టి తెరచాప కంటె గాలికి ఎదురుగా సాగునప్పుడు మెరుగ్గా పనిచేస్తుంది. కావున వైశాల్యంతోపాటు ఆకారాన్ని కూడా లెక్కలోనికి తీసుకుంటారు. ‘స్పిన్నాకర్’ అనే పెద్ద, తేలికపాటి తెరచాప గాలివాటుగా వెళ్లునప్పుడు మాత్రమే ఉపయోగపడుతుంది కనుక దాని వైశాల్యాన్ని పూర్తిగా కాక కొంతభాగమే కలుపుతారు. డాగర్ బోర్డులు లేని పడవ గాలికి ఎదురుగా సాగునప్పుడు పక్కకు జారిపోతుంది కనుక దానికి కొంత వెసులుబాటు ఇస్తారు.

పడవ పేరు ఒక్కటే అయినంత మాత్రాన రేటింగ్ ఒక్కటే కాదన్నది ఇక్కడ గమనించదగినది. టోర్నడోకు 2000 ఒలింపిక్స్ తరువాత స్పిన్నాకరును, రెండవ నావికునికి కూడా ‘ట్రపీజ్’ తీగను చేర్చారు. పాత అమరికతో ఉన్న టోర్నడోకు కొత్త టోర్నడో రేటింగును వర్తింపజేస్తే పాత పడవ యజమానికి తీరని నష్టం కలుగుతుంది.

లెక్క చేయు విధానం

ఎస్.సి.హెచ్.ఆర్.ఎస్. తరహా విధానంలో రేటింగ్ 1కి అటూ ఇటూ ఉండే దశాంశ సంఖ్య. సంఖ్య ఎంత చిన్నదైతే పడవ అంత వేగమైనది. పందెంలో పట్టిన వాస్తవ కాలాన్ని రేటింగుతో భాగించగా సవరించిన కాలం వస్తుంది. సవరించిన కాలం ఎవరిది తక్కువో వారే విజేత. టెక్సెల్ విధానంలో 100ను, పోర్ట్స్‌మౌత్ విధానంలో 1000ని ప్రాతిపదికగా తీసుకుంటారు. భాగించే పద్ధతి మాత్రం ఒక్కటే.

కేవలం వివరణ కోసం రెండు ఊహాత్మక పడవలను తీసుకుందాం. మొదటి పడవ రేటింగ్ 1.00. అది 60 నిమిషాలలో, అంటే 3,600 సెకన్లలో గమ్యం చేరింది. రెండవ పడవ రేటింగ్ 1.18. అది 70 నిమిషాలలో, అంటే 4,200 సెకన్లలో చేరింది. 4,200ను 1.18తో భాగిస్తే 3,559 సెకన్లు వస్తుంది. పది నిమిషాలు వెనుకగా వచ్చిన రెండవ పడవ 41 సెకన్ల తేడాతో గెలిచింది.

ఇప్పుడు అదే పడవ రేటింగ్ 1.16 అనుకుందాం. సవరించిన కాలం 3,621 సెకన్లు అవుతుంది. 21 సెకన్ల తేడాతో ఆ పడవ ఓడిపోతుంది. పడవ మారలేదు, నావికులు మారలేదు, గాలి మారలేదు. రెండవ దశాంశ స్థానంలోని ఒక అంకె మారినందువలన విజేత మారిపోయారు. రేటింగ్ నిర్ణయంలో శ్రద్ధ ఎందుకు అవసరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

రేటింగ్ చెప్పలేని విషయాలు

రేటింగ్ ఎంత శ్రద్ధగా లెక్కించినా అది సగటు పరిస్థితులకు సంబంధించిన అంకె మాత్రమే. గాలి మందంగా ఉన్నప్పుడు తేలికైన పడవకు, పెద్ద తెరచాపకు మొగ్గు ఉంటుంది. గాలి బలంగా ఉన్నప్పుడు పడవ ఒరిగిపోకుండా తమ బరువుతో నిలబెట్టగల నావికులకు, వెడల్పైన పడవకు మొగ్గు ఉంటుంది. ఒకే అంకె ఈ రెండు రోజులకూ సమానంగా న్యాయం చేయజాలదు.

పందెపు మార్గం కూడా ఫలితాన్ని ప్రభావితం చేస్తుంది. గాలికి ఎదురుగా వెళ్లి, తిరిగి గాలివాటుగా వచ్చే మార్గంలో స్పిన్నాకర్ ఉపయోగపడుతుంది. గాలి పక్కనుంచి వీచే సుదీర్ఘ మార్గంలో దానిని ఎత్తే అవకాశం తక్కువ. అయినప్పటికీ రేటింగులో దాని భారం పడుతూనే ఉంటుంది. అలాగే పందెం చివరి భాగంలో గాలి తగ్గిపోతే అప్పటికే గమ్యం చేరిన వేగవంతమైన పడవలు లాభపడగా, నెమ్మదైన పడవలు నీటిపై నిలిచిపోతాయి. గాలి పెరిగితే దీనికి వ్యతిరేకం జరుగుతుంది.

ఇటీవలి కాలంలో ఎదురైన కఠినమైన సమస్య ‘ఫాయిల్స్’. నీటిలోపల రెక్కల వలె పనిచేసి పడవను నీటిపైకి లేపే అమరికలివి. 2016లో ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించిన ‘నాక్రా 17’ కాటమరాన్, 2021లో జరిగిన టోక్యో క్రీడల నాటికి పూర్తిగా నీటిపైకి లేచి పయనించే పడవగా మారింది. గాలి చాలనప్పుడు ఫాయిల్స్ నీటిలో అదనపు భారమే. గాలి ఒక స్థాయిని దాటగానే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. క్రమంగా పెరిగే వేగానికి ఉద్దేశించిన సూత్రం ఇట్టి గంతును సరిగా పట్టుకోలేదు. సూత్రంలో సవరణ అంశాలను చేర్చుతున్నప్పటికీ, ఎ క్లాస్ వంటి తరగతులు నీటిపైకి లేచే పడవలకు, లేవని పడవలకు వేర్వేరు విభాగాలను ఏర్పరచుకున్నవి. అంకెతో సరిదిద్దలేని తేడా ఉన్నప్పుడు విభాగాలను వేరు చేయడమే న్యాయమని ఈ అనుభవం తెలుపుతున్నది.

నావికుల బరువు విషయంలో ఫార్ములా 18 తరగతి మరొక మార్గాన్ని అనుసరించింది. తేలికైన జంట 3.45 చదరపు మీటర్ల ‘జిబ్’ తెరచాపను, 19 చదరపు మీటర్ల స్పిన్నాకరును వాడగా, బరువైన జంట 4.15, 21 చదరపు మీటర్ల తెరచాపలను వాడుతుంది. అంకెను సవరించుటకు బదులు పడవనే సవరించి సమానత్వాన్ని సాధించే ప్రయత్నమిది.

నిర్వాహకుల బాధ్యత

మిశ్రమ తరగతుల పోటీని నిర్వహించే క్లబ్బులు, క్రీడాధికారులు ఈ క్రింది అంశాలను దృష్టిలో ఉంచుకొనుట మంచిది.

1. ఏ రేటింగ్ విధానాన్ని, ఏ సంవత్సరపు పట్టికను అనుసరిస్తారో పోటీ ప్రకటనలోనే స్పష్టంగా పేర్కొనవలెను. పందెం ముగిసిన తరువాత విధానాన్ని ఎంపిక చేయడం ఎంతటి సదుద్దేశంతో చేసినా అనుమానాలకు తావిస్తుంది.

2. ప్రతి పడవ వాస్తవంగా ఏ అమరికతో పాల్గొంటున్నదో, అంటే స్పిన్నాకర్ ఉన్నదా, ఎంతమంది నావికులు, ఏ తెరచాప అన్నది నమోదు సమయంలోనే వ్రాయించుకొనవలెను. కొలతల ధ్రువపత్రం అవసరమైన పక్షంలో అది చెల్లుబాటులో ఉన్నదో లేదో చూడవలెను.

3. తూకం, కొలతలు అందరి సమక్షంలో, ఒకే పరికరంతో జరుగవలెను. తడిసిన తాళ్లు, దోనెలలో చేరిన నీరు తూకాన్ని మార్చివేస్తాయి.

4. రేటింగుల మధ్య అంతరం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు పడవలను రెండు విభాగాలుగా చేసి, వేర్వేరుగా ప్రారంభించుట, వేర్వేరు బహుమతులు ఇచ్చుట ఉచితం.

5. ప్రేక్షకులు ఎక్కువగా వచ్చే పోటీలలో నెమ్మదైన పడవను ముందుగా, వేగమైన పడవను ఆలస్యంగా ప్రారంభించే పద్ధతిని పరిశీలించవచ్చును. నెమ్మదైన పడవకు 60 నిమిషాల పందెమైతే, పై ఉదాహరణలోని 1.00 రేటింగ్ పడవ 1.18 రేటింగ్ పడవ కంటె సుమారు 9 నిమిషాల 9 సెకన్లు ఆలస్యంగా బయలుదేరుతుంది. నిర్ణీత సమయానికి ముందున్న పడవే విజేత. ఫలితం కళ్లెదుటే తేలుతుంది కనుక ప్రేక్షకులకు లెక్కలు వివరించవలసిన అవసరం ఉండదు.

ఒక పోటీలో ఒక నావికుడు మెరుగ్గా రాణించాడన్న కారణంగా అతని పడవ రేటింగును మార్చడం ఎంతమాత్రం తగదు. కొలత విధానంలో రేటింగ్ పడవకే గాని మనిషికి కాదు. క్లబ్బు స్థాయిలో సరదా పోటీలకు వ్యక్తిగత హ్యాండికాప్ ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది. అయితే దానిని వేరే బహుమతికి పరిమితం చేసి, ఆ సంగతిని ముందుగా ప్రకటించవలెను.

పాత్రికేయుల పరిశీలనార్థం

మిశ్రమ తరగతుల పందెం వార్తలో విజేత పేరుతోపాటు పడవ తరగతి, వాస్తవ కాలం, రేటింగ్, సవరించిన కాలం ఇచ్చినట్లయితే పాఠకునికి పూర్తి చిత్రం లభిస్తుంది. గమ్యరేఖను ముందుగా దాటిన పడవను కూడా పేర్కొనుట సముచితం. అయితే ఆ పడవనే విజేతగా ప్రకటించరాదు. తాత్కాలిక ఫలితాలకు, అభ్యంతరాల విచారణ అనంతరం వెలువడే తుది ఫలితాలకు తేడా గలదు. ఒక పడవ రేటింగును తప్పుగా నమోదు చేసినట్లు తేలితే మొత్తం పట్టిక మారవచ్చును.

“రేటింగ్ వల్ల గెలిచాడు” అన్న వ్యాఖ్య తరచుగా వినిపిస్తుంది. రేటింగ్ ఎవరినీ గెలిపించదు. పడవ కారణంగా ఏర్పడిన తేడాను తొలగించి, నావికుడు చేసిన పని ఎంతో కనపడేలా చేయుటకు అది ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నం పరిపూర్ణం కాకపోవచ్చును. అయినను పడవను నిజాయితీగా కొలిచి, విధానాన్ని ముందుగా ప్రకటించి, లెక్కను అందరి ముందు ఉంచినప్పుడు, 41 సెకన్ల తేడాతో ఓడినవారు కూడా ఆ ఫలితాన్ని అంగీకరించి మరుసటి పందెానికి వస్తారు. ఏ రేటింగ్ విధానానికైనా అంతకు మించిన పరీక్ష లేదు.